ఇంత చిన్న ప్రోగ్రామ్ గురించి కూడా రాయాలా?

పోయిన ఎపిసోడ్ విన్నాక చాలామంది తమ్ముళ్లు ఒకటే అడిగారు: "అన్నా, నేను సొంతంగా చిన్న ప్రోగ్రామ్ చేసుకున్న. దాని గురించి అందరికీ కనపడేటట్టు రాసుడు అవసరమా? నవ్వరా?" మైకు ముందు తొందరలో ఏదో చెప్పేశాను. ఇక్కడ నాకు జరిగింది చెప్తాను, మీరే ఆలోచించుకోండి.

నేను షార్జాలో ఉంటాను. గోదాములో స్టోర్‌కీపర్ పని. ప్రోగ్రామింగ్ నాకెవరూ నేర్పలేదు, యూట్యూబ్ చూసి తంటాలు పడ్డాను. రెండేళ్ల కింద ఓవర్‌టైమ్ లెక్క కోసం గూగుల్ షీట్స్‌లో ఒక షీటు, దానికి పదిహేను లైన్ల స్క్రిప్టు చేసుకున్నాను. డ్యూటీ ఎక్కిన టైము, దిగిన టైము కొడితే నెలాఖరుకు ఎన్ని దిర్హాములు రావాలో చూపిస్తుంది.

లెక్క ఇట్లుంటుంది. బేసిక్ జీతం 1,200 దిర్హాములు అనుకోండి. 30తో భాగిస్తే రోజుకు 40. ఎనిమిది గంటలతో భాగిస్తే గంటకు 5. యూఏఈలో 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం ఓవర్‌టైమ్ గంటకు కనీసం 25 శాతం అదనం, అంటే 6.25. ఆ గంట రాత్రి 10కి, తెల్లవారుజామున 4కి మధ్య పడితే కనీసం 50 శాతం అదనం, అంటే 7.50.

మొదట్లో బాగానే నడిచింది. తర్వాత రాత్రి డ్యూటీలు పడ్డాయి. సాయంత్రం 4కి ఎక్కి, రాత్రి 2కి దిగాను. షీట్లో 24 గంటల లెక్కన అది 16, 2. రెండులోంచి పదహారు తీస్తే మైనస్ 14. మైనస్ వస్తే సున్నా వేసుకొమ్మని స్క్రిప్టులో రాసింది నేనే! అర్ధరాత్రి దాటిన ప్రతి డ్యూటీ సున్నా అయిపోయింది. నా షీటే వాడుతున్న మా రూమ్ జగిత్యాల తమ్ముడు దాన్ని నమ్మి, మూడు నెలలు ఆ గంటల డబ్బులు ఆఫీసులో అడగనే లేదు.

సరిచేయడానికి ఒక్క లైను చాలింది. మైనస్ వస్తే 24 కలపాలి. అప్పుడు 10 గంటలు. తిండికి ఇచ్చిన గంట తీసేస్తే 9, అందులో ఓవర్‌టైమ్ 1.

ఈ ఒక్క లైను గురించి రాయాలా అని వారం రోజులు తన్నుకులాడాను. సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది చిన్నపిల్లల లెక్క. కానీ దీనికోసం నేను రెండు శుక్రవారాలు పోగొట్టుకున్నాను, తమ్ముడు డబ్బులే పోగొట్టుకున్నాడు. ఇంకొకరు పోగొట్టుకోవద్దని రాశాను.

పదిరోజులకు అబుదాబిలో అకౌంట్స్ పని చేసే ఒక అక్క మెసేజ్ పెట్టింది. "తమ్ముడూ, ఆ 50 శాతం అందరికీ వేశావు. షిఫ్టుల పద్ధతిలో పనిచేసేవాళ్లకు ఆ రాత్రి రేటు వర్తించదు." చట్టం తీసి చూస్తే నిజమే. మా తమ్ముడిది షిఫ్టు పనే. మర్నాడే ఆ లెక్క పట్టుకుని ఆఫీసులో గొడవ పెట్టుకోవాలని తయారుగా ఉన్నాడు. ఆపాను. సరైన లెక్కతో వెళ్లి, పాత మూడు నెలల గంటలు నెమ్మదిగా అడిగాడు. వచ్చాయి.

నేను రాయకుండా ఉంటే నా తప్పు నా షీట్లోనే దాక్కునేది. నవ్వుతారని భయపడ్డాను గానీ, నా తప్పు పట్టేవాళ్లు దొరకడమే నాకు మేలు చేసింది.

అట్లని అన్నీ రాయొద్దు. రూమ్‌లో వంట వంతులు పంచే స్క్రిప్టు కూడా చేశాను. ఆరుగురి పేర్లు, ఏడు రోజులు, అంతే. అందులో నేను ఎక్కడా ఇరుక్కోలేదు, కొత్తగా తెలిసిందీ లేదు. దాన్ని మా వాట్సాప్ గ్రూపులో పడేసి ఊరుకున్నాను.

ఇప్పుడు రాసే ముందు నన్ను నేను మూడు అడుగుతాను.

ఒకటి, నేను ఇరుక్కున్న చోట ఇంకొకరు ఇరుక్కుంటారా? అవునంటే పదిహేను లైన్లైనా రాయొచ్చు.

రెండు, ఎవరి వివరాలైనా బయటపడతాయా? దోస్తుల పేర్లు, జీతాలు, ఎమిరేట్స్ ఐడీ నంబర్లు అన్నీ తీసేసి, ఉత్తుత్తి అంకెలు పెట్టాలి. కంపెనీ పేరు అసలే వద్దు. ఇక్కడి సైబర్ చట్టం కఠినం, పేరు పెట్టి ఆరోపణ రాస్తే కేసు మన మెడకే చుట్టుకోవచ్చు. పని కోసం కంపెనీ కంప్యూటర్‌లో చేసినదైతే ముందు అడగాలి.

మూడు, ఇది ఎక్కడ పనికిరాదో చెప్పగలనా? సౌదీలో ఓవర్‌టైమ్ అదనం 50 శాతం. నా 25 శాతం అక్కడి తమ్ముడు వాడితే నష్టపోతాడు. అందుకే రేటును వేరే గడిలో పెట్టి, "మీ దేశం రేటు ఇక్కడ వేసుకోండి" అని రాశాను.

రాయడానికి పెద్ద భాష అక్కర్లేదు. కష్టం ఏంది, ఏం చేశాను, ఎక్కడ తప్పాను, ఏ తేదీన రాశాను. తేదీ మరవొద్దు, చట్టాలు మారుతుంటాయి.

మీరు చేసుకున్నది ఏదైనా ఉంటే ఆ నాలుగు ముక్కలు రాసి మాకు పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో చదువుతాం. తప్పుంటే ఎవరో ఒక అక్క తప్పక పట్టుకుంటుంది.