పాత దుర్భిణిని మార్చవలెనా, బాగుచేయింపవలెనా?

ఏటేట చలికాలము చివర మేము సకుటుంబముగా నేలపట్టునకు బోయి, నీట నిలిచిన చెట్లపై గూళ్లు కట్టుకొను గూడబాతులను జూచి వచ్చుట వాడుక. మా నాయనగారిచ్చిన ముక్కాలి దుర్భిణియే మాకు సాధనము. గత సంవత్సరము దానిలో పక్షులు మంచులో నున్నట్లు మసకగా గానవచ్చినవి. క్రొత్తది కొనుమని అమ్మాయి పట్టుపట్టినది. దాని వెలయో, మా యింటి మూడు నెలల వెచ్చమునకు సరిపోవును!

కొనుటకు ముందు పాతదానిని పరీక్షించితిమి. మధ్యాహ్నపుటెండలో గాలి వేడెక్కి చలించుటచే నెంత మంచి దుర్భిణిలోనైనను బొమ్మ వణకును. కావున ఉదయముననే మేడపైనుండి దూరపు చెట్టును జూచితిమి. ముక్కాలి మరలు బిగించి, నడుమ బరువైన సంచి వ్రేలాడగట్టితిమి, అదురు తగ్గినది. మసక మాత్రము పోలేదు. దీపమున కెదురుగా బట్టి చూడగా, లోపలి అద్దమున బూజు సాలెగూటివలె నల్లుకొని యున్నది. వానకాలమెల్ల తోలుసంచిలో మూసియుంచిన దోషము మాదే!

అద్దపు పూతను బూజు తినివేసినచో బాగుచేయించుట వ్యర్థము, క్రొత్తదే మేలు. కొనువారు '60 రెట్లు' అను మాటకు మురియక, ముందరి అద్దపు వెడల్పు చూడవలెను. 80 మిల్లీమీటర్ల అద్దము 60 మిల్లీమీటర్ల దానికంటె ముప్పాతిక వంతు అధికముగ వెలుతురును గ్రహించును. రెట్లు పెంచినకొలది బొమ్మ మసకబారును.

మా అదృష్టముచే పూత చెడలేదు. పనివాడు విప్పి తుడిచి యిచ్చినాడు. ఇప్పుడు తేమను బీల్చు సిలికాజెల్ పొట్లముతో డబ్బాలో బెట్టుచున్నాము.

ఈ సంవత్సరము నేలపట్టున, తల్లిపక్షి గొంతుసంచిలో పిల్ల తల దూర్చి చేపను దినుట జూచి, "అమ్మా, ముక్కుమీది చుక్కలు గూడ అగపడుచున్నవి!" అని అమ్మాయి కేక వేసినది. క్రొత్తదాని మాట మరల నెత్తలేదు.