తేనెటీఁగల మందు - దాని వేళ

ఆసియా తేనెటీఁగల నాశ్రయించి బ్రదుకుచుండిన వరోవా నల్లి యూరపుజాతి యీఁగలకు మారి, దేశదేశముల పెట్టెలను పాడుచేసినది. ఇది 2022 జూనున ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ రేవుకడ బయటపడెను. 2023 సెప్టెంబరున నిర్మూలనయత్నము విరమింపఁబడెను. అచ్చటి బాదము తోఁటల కాపు తేనెటీఁగల చలువయే. ఆక్జాలికామ్లము చౌకయైన మందు. ఈఁగలమీఁది నల్లిని చంపును. కాని మైనపుమూత వేసిన గదులలో పిల్లలతో దాఁగిన నల్లిని తాఁకఁజాలదు. కావుననే చలిదేశములలో పిల్లలు లేని శీతకాలమున దానిని పంచదారపానకమునఁ గలిపి పట్టుల నడుమ పోయుదురు. వెచ్చనిచోట రాణియీఁగను సుమారు 24 దినములు చిన్న పంజరమున నిర్బంధించి, గదులు ఖాళీయైన పిదప వాడవలెను. మందు విక్రయమున కనుమతించినఁ జాలదు; దాని వేళను పెంపకందారులకు నేర్పుటయు ప్రభుత్వధర్మమే యని మా యభిప్రాయము.