తుపాకీ పొట్టిదైతే కత్తి పొడుగైంది

కొత్తగూడ కూడలి దాటి కొండాపూర్‌లోకి వెళితే, ఐటీ కంపెనీల అద్దాల మేడల నడుమ ప్రత్యేక పోలీసు ఎనిమిదో బెటాలియన్ ఉంటుంది. అలాంటి బెటాలియన్లున్న మన సాయుధ పోలీసుల భుజాన దశాబ్దాల పాటు వేలాడిన తుపాకీ త్రీనాట్‌త్రీ. దాన్ని సినిమాల్లోనైనా చూడని తెలుగువాళ్లు అరుదు. దాని మూతికి తగిలించే బాయొనెట్‌ను మాత్రం ఉత్త కత్తి కిందే జమకడతాం. నిజానికి అది తుపాకీ నుంచి ఊడదీయగలిగే భాగం. ఏ తుపాకీకి ఏ బాయొనెట్ అన్నదానికి లెక్క ఉంది.

హైదరాబాదుకు బాయొనెట్ కొత్త కాదు. నిజాం అలీఖాన్ కొలువులో ఫ్రెంచి సేనాని రేమాండ్ తీర్చిదిద్దిన దళాలు ఐరోపా పద్ధతిలో మస్కెట్లతో, బాయొనెట్లతో కవాతు చేశాయి. 1798 అక్టోబరులో ఇంగ్లీషువాళ్లు వాటిని నిరాయుధం చేశారు. ఆనాటి బాయొనెట్‌కు పిడి లేదు, తుపాకీ మూతికి తొడిగే చిన్న గొట్టమే ఉండేది. అంతా చేతిపని కనుక ఏ తుపాకీకి ఆ గొట్టాన్ని అరగదీసి సరిచేయాల్సిందే. పక్కవాడిది పెడితే బిగుసుకునేది, లేదా వదులయ్యేది.

త్రీనాట్‌త్రీ నాటికి యంత్రాలు వచ్చి ఆ బాధ తీరింది. అప్పుడు సమస్య పొడవుతో వచ్చింది. త్రీనాట్‌త్రీ అంటే లీ-ఎన్‌ఫీల్డే. దాని పాత రకం పొడవు 49.5 అంగుళాలు, దాని బాయొనెట్ అలుగు 12. కొత్త పొట్టి రకం 44.5 అంగుళాలకు దిగింది. గుర్రం మీది శత్రువును అందుకోవడానికి ఆ 5 అంగుళాలూ కావాలని సైన్యం పట్టుబట్టింది. అందుకే 1907 నమూనాలో అలుగును 17 అంగుళాలు చేశారు. తీరును జపాన్ అరిసాకా బాయొనెట్ నుంచి తీసుకున్నారు. అడ్డపట్టీకి ఉన్న కొక్కెం కూడా అక్కడిదే. 1913లో దాన్ని తీసేశారు కనుక, కొక్కెం ఉన్న కత్తి దొరికితే సేకరణకర్తలకు పండగే.

నాకు ముచ్చటేసేది అతుకు. పాత తుపాకీకి బాయొనెట్ ఉంగరం నేరుగా గుండు వెళ్లే గొట్టానికే తొడిగేవారు. పొట్టి రకంలో ఆ ఉంగరం గొట్టం కింద, ముందు తొడుగుకున్న గుబ్బకు ఎక్కుతుంది. పిడి చివర గాడి ఇంకో దిమ్మెపైకి జారి, స్ప్రింగు మీటతో బిగుస్తుంది. కత్తి బరువు గొట్టాన్ని నేరుగా తాకదు. ఇదే అలుగున్న 1913 నమూనా చూపుకి కవలే కానీ, అది వేరే తుపాకీది. తేడా తెలియాలని దాని చెక్కపిడికి రెండు అడ్డగాట్లు పెట్టారు. తర్వాత వచ్చిన లీ-ఎన్‌ఫీల్డ్ నాలుగో నంబరు రకానికైతే మేకులాంటి పొట్టి మొన వచ్చింది. 1907 కత్తి దానికి ఎక్కనే ఎక్కదు.

మన జోడీ కథ ఇషాపూర్‌ది. బెంగాల్లోని ఆ రైఫిల్ ఫ్యాక్టరీ పొట్టి రకాన్నే చేస్తూ వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో మనదేశంలో పాత 17 అంగుళాల అలుగులను 12కు కోశారు, కొత్తవాటిని ఆ కొలతకే చేశారు. కోసినదాంట్లో అలుగు మీది పొడుగు గాడి మొన దాకా పాకుతుంది, కొత్తగా చేసిన చాలావాటికి గాడే లేదు. విదేశీ సేకరణకర్తలు కొందరు కోసినదాన్ని పాడైన సరుకుగా చూస్తారు. నేనొప్పుకోను. యుద్ధకాలపు ఇషాపూర్ తుపాకీ పక్కన నిగనిగలాడే ఇంగ్లండు పొడుగు కత్తికన్నా ఈ కురచదే సిసలైన జోడు.

1962 యుద్ధం తర్వాత ఇషాపూర్ అదే ఆకారంలో 7.62 మిల్లీమీటర్ల తూటాకు తుపాకీ చేసింది. తూటా మారింది, ముందు తొడుగు మారలేదు. అందుకే 1917లో ఇంగ్లండులో చేసిన కత్తి కూడా దానికి చక్కగా బిగుస్తుంది. కానీ ఆ తుపాకీకి సరైన కత్తిని జత కలపాలంటే పిడి దగ్గరి ముద్రల్లో తేదీ ఒక్కటే చూస్తే చాలదు. ఆ కత్తి మన ఆయుధాగారాల మీదుగా వచ్చిందా అన్నదీ చూడాలి.