మహాయుగ సంఖ్య 43,20,000 : ఒక గణిత విచారం

సంకల్పంలో మనం నిత్యం స్మరించే కలియుగ పరిమాణం 4,32,000 సంవత్సరాలు. దానికి పదిరెట్లు మహాయుగం. ఇంత పెద్ద సంఖ్య ఎందుకని పిల్లలు ప్రశ్నిస్తే శాస్త్రవచనమని చెప్పి ఊరుకోవడం నాకు సమ్మతం కాదు. ఆ సంఖ్యకు లెక్కలో ఒక పని ఉంది.

43,20,000ను ప్రధాన సంఖ్యలుగా విడదీస్తే ఎనిమిది రెండ్లు, మూడు మూళ్ళు, నాలుగు ఐదులు వస్తాయి. ఏడుకు గాని, పదకొండుకు గాని అందులో చోటు లేదు. అయినా దానిని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు 180 ఉన్నాయి. అయితే అసలు విశేషం దినసంఖ్యతో కలిపి చూచినప్పుడే తెలుస్తుంది.

ఆర్యభటుని మతంలో మహాయుగానికి 1,57,79,17,500 దినాలు. సంవత్సరాలకూ దినాలకూ గరిష్ఠ సామాన్య భాజకం 7,500. దానితో భాగించగా 576 సంవత్సరాలకు 2,10,389 దినాలని తేలుతుంది. ఈ రెండింటికీ ఒకటి తప్ప ఉమ్మడి భాజకం లేదు. పెద్ద సంఖ్యను 576తో భాగిస్తే 365, శేషం 149. అనగా సంవత్సరానికి 365 దినాల 6 గంటల 12 నిమిషాల 30 సెకన్లు. మధ్యమ సూర్యుడు మేషాదికి మరల అదే వేళకు చేరడానికి 576 ఏండ్లు చాలునన్నమాట.

సూర్యసిద్ధాంతం చెప్పిన దినసంఖ్య 1,57,79,17,828. భేదం 328 దినాలే. ఏడాదికి పంచితే ఏడు సెకన్లయినా కాదు. కాని ఉమ్మడి భాజకం 7,500 నుండి 4కు పడిపోతుంది. అందుచేత ఆ ఆవృత్తికి 10,80,000 ఏండ్లు, అనగా మహాయుగంలో సరిగ్గా నాలుగోవంతు కావాలి!

ఈ భేదం గణకునికి శ్రమగా పరిణమిస్తుంది. సూర్యుని స్థానాన్ని బట్టి గడచిన దినాల సంఖ్యను, అంటే అహర్గణాన్ని, తెలుసుకునే పద్ధతికి కుట్టకమని పేరు. కుట్టడమంటే దంచి పిండి చేయడం. ఆర్యభటుడు సూత్రప్రాయంగా చెప్పిన ఈ పద్ధతిని 629లో ఆర్యభటీయానికి భాష్యం రచించిన మొదటి భాస్కరుడు విశదీకరించాడు. ఆయన లెక్కలలో కనిపించేది ఈ 576, 2,10,389 జంటయే. పెద్ద సంఖ్యను చిన్నదానితో, ఆ చిన్నదానిని వచ్చిన శేషంతో భాగిస్తూ పోవాలి. నేను వేసి చూడగా ఆర్యభటుని జంట ఆరు భాగహారాలలో ఒకటికి దిగింది. సూర్యసిద్ధాంతపు జంటకు ఇరవై రెండు పట్టాయి.