ఆకాశమున కదలు వెలుగు

బండారులంకలో రాత్రి మగ్గము చాలించి అరుగు మీదికి వచ్చిన నేతగానికి, కొబ్బరి తలల మీదుగా నైరృతినుండి ఈశాన్యమునకు చప్పుడు లేక సాగిపోవు తెల్లని వెలుగు కనబడినదనుకొందము. తెల్లవారునప్పటికి అది అన్యలోకవాసుల విమానమనియో, శత్రువుల డ్రోననియో అమలాపురము సంతవరకు పుకారు పాకును. చూచినవాడు అబద్ధమాడలేదు. ఆ మాటను మోసినవారు దానికి వేళను, దిక్కును జతపరుపకపోవుటయే లోపము. చదువుకొన్న పట్టణవాసి పల్లెవాని సాక్ష్యమును నవ్వి త్రోసివేయుట అంతకంటె పెద్ద లోపమని మా అభిప్రాయము.

2022 ఏప్రిల్ 2వ తేది రాత్రి మహారాష్ట్ర, మధ్యప్రదేశములందు అసంఖ్యాకులు నిప్పులు రాల్చుచు పోవు వెలుగును చూచిరి. ఉల్కలని పలువురనిరి. తెలంగాణమునకు పొలిమేరయైన చంద్రపూరు జిల్లాలోని యొక పల్లెలో పెద్ద లోహపు వలయము పడెను. అది 2021 ఫిబ్రవరిలో చీనావారు ప్రయోగించిన రాకెట్టు యొక్క మూడవ భాగమని నిపుణులు నిర్ణయించిరి. జనులు చూచిన వేళయు, వెలుగు పోయిన దారియు కక్ష్య లెక్కతో సరిపోవుటయే ఆ నిర్ణయమునకు ఆధారము.

మన నేతగాడు చూచినది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము కావచ్చును. అది సుమారు 400 కిలోమీటర్ల యెత్తున, గంటన్నర కొకసారి భూమిని చుట్టుచుండును. మిణుకదు, నాలుగైదు నిమిషములు సాగి, భూచ్ఛాయలో ప్రవేశించి నడిమింట మాయమగును. ఎరుపు, ఆకుపచ్చ దీపములు మిణుకుచుండిన విమానము. క్షణములలో ముగిసిన ఉల్క. ముత్యాల సరమువలె వరుసగా పోవునవి 2019 నుండి ఎగురుచున్న స్టార్‌లింక్ ఉపగ్రహములు. మబ్బులు పరుగిడు సాయంకాలము పడమట శుక్రుడే పరుగిడుచున్నట్లు తోచును; ఈ భ్రమలో పడనివారు తక్కువ. శ్రీహరికోట బండారులంకకు నైరృతిగా 350 కిలోమీటర్లకు పైబడి యున్నది. 2024 డిసెంబరు 30న రాత్రి 10 గంటలకు అచ్చటినుండి పి.ఎస్.ఎల్.వి. లేచినది గనుక, ప్రయోగపు వేళను కూడ విచారింపవలెను.

విశాఖపట్టణమున అంకితము వెంకట నరసింగరావుగారు మామగారి వలన సంక్రమించిన వేధశాలలో 1874 నాటి శుక్రగ్రహణమును పరిశీలించిరి. మన నేతగానికి దూరదర్శిని యక్కరలేదు. గంట, నిమిషము, మొదట కనబడిన దిక్కు, మాయమైన దిక్కు, చేయి చాచి పట్టిన పిడికిలి పది డిగ్రీలుగా నెన్ని పిడికిళ్ల యెత్తు, రంగు, మిణుకు, చప్పుడు. ఇంతమాత్రము కాగితముపై వ్రాసికొన్న చాలును. లోహఖండ మేదైన పొలమున బడినచో దానియందు విషపదార్థ ముండవచ్చును. ముట్టక, పిల్లలను చేరనీయక, తహశీల్దారునకు గాని పోలీసు ఠాణాకు గాని వర్తమాన మంపవలెను.