ఓడిన జట్టుకు మరో ఆట

ఫుట్‌బాల్ ఆట తొంభై నిమిషాల్లో ముగుస్తుంది. కాని కళాశాల జట్టుకు ఆ తొంభై నిమిషాల వెనుక ఒక ఏడాది ఉంటుంది. కొత్త విద్యార్థులు చేరగానే ఆటగాళ్ళ ఎంపిక మొదలవుతుంది. కొరాపుట్, రాయగడ కొండల్లో అవి వానలు ముమ్మరంగా కురిసే రోజులు. మైదానమంతా బురద. బంతి దొర్లవలసిన చోట ఆగిపోతుంది, ఆగవలసిన చోట జారిపోతుంది. అయినా సాధన అప్పుడే సాగాలి. వానలు వెనుకబట్టే వరకు ఆగితే పోటీల నాటికి కాళ్ళు సిద్ధం కావు.

ఒక విశ్వవిద్యాలయం కింద ఉండే కళాశాలలన్నీ ముందుగా తమలో తాము పోటీపడతాయి. వాటిలో బాగా ఆడినవారిని ఏరి విశ్వవిద్యాలయ జట్టును కూర్చుతారు. ఒడిశా జట్లు తూర్పు మండలంలో ఆడతాయి. నాలుగు మండలాలలో ముందు నిలిచిన జట్లు దేశస్థాయిలో సర్ ఆశుతోష్ ముఖర్జీ ట్రోఫీ కోసం తలపడతాయి.

1967లో బరంపురం విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత ఈ ప్రాంతపు కళాశాలలు చాలాకాలం దాని కిందనే ఉండేవి. రాయగడ నుంచి బరంపురానికి రైలులో పోవాలంటే ముందు విజయనగరం దిగిరావాలి. అక్కడినుంచి మళ్ళీ ఉత్తరానికి తిరగాలి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు అండగా నిలిచిన జయపురం మహారాజు విక్రమదేవవర్మ పేర 1947లో జయపురంలో వెలసిన కళాశాల 2023లో తానే విశ్వవిద్యాలయమైంది. దూరభారం అప్పటికి గాని తగ్గలేదు.

అంత దూరం పోయిన జట్టు ఎన్ని ఆటలు ఆడుతుంది? అది పోటీ పద్ధతిని బట్టి ఉంటుంది. నాకౌట్ పద్ధతిలో ఓడిన జట్టు వెంటనే ఇంటిదారి పడుతుంది. పదహారు జట్లుంటే పదిహేను ఆటలతో విజేత తేలిపోతుంది. ఒక్కో ఆటకు ఒక్కో జట్టు తప్పుకుంటుంది, చివరకు ఒకటే మిగులుతుంది కనుక లెక్క సులభం. కాని ఆ పదహారింటిలో ఎనిమిది జట్లకు దక్కేది ఒకే ఒక్క ఆట. వానలో నెలల తరబడి చేసిన సాధన ఒక్క పూటలో ముగిసిపోతుంది. లీగ్ పద్ధతిలో ప్రతి జట్టూ మిగిలిన అన్నింటితో ఆడుతుంది. అది న్యాయమైన పద్ధతే, కాని పదహారు జట్లకు 120 ఆటలు కావాలి. అన్ని రోజులు, అంత ఖర్చు ఎవరు భరిస్తారు? అందుకే పెద్ద పోటీలలో జట్లను చిన్న చిన్న గుంపులుగా విడదీసి మొదట లీగ్, తరువాత నాకౌట్ నడుపుతారు.

ఈ పద్ధతి లేకపోతే 1962లో జకార్తా ఆసియా క్రీడల నుంచి భారత జట్టు మొదటి రోజే వెనుదిరిగేది. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో మనవారు 0–2తో ఓడిపోయారు. గుంపులో ఇంకా రెండు ఆటలున్నాయి. థాయిలాండ్‌ను 4–1తో, జపాన్‌ను 2–0తో గెలిచి సెమీఫైనల్ చేరారు. జపాన్ మీద గోలు చేసినవారిలో సికింద్రాబాదు ఆటగాడు తులసీదాస్ బలరాం ఒకరు.

ఆ జట్టుకు శిక్షకుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన బడిపంతులుగా పనిచేసినవారు. హైదరాబాదు నగర పోలీసు జట్టు ఆయన శిక్షణలో 1950 నుంచి వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. వాటం లేని కాలితో మాత్రమే బంతిని తన్నాలనే నియమంతో ఆయన కుర్రాళ్ళకు పోటీలు పెట్టేవారు. కుడికాలి ఆటగాడు ఎడమకాలితో తంటాలు పడుతుంటే చూసేవారికి నవ్వు వచ్చి ఉండవచ్చు. కాని ఎదుటివాడు కుడివైపు అడ్డుపడినపుడు ఆ ఎడమకాలే ఆదుకుంటుంది.

జకార్తాలో రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీమ్ అతనిని వెనుక వరుస నుంచి తీసి ముందు వరుసలో నిలిపారు. సెమీఫైనల్‌లో అతడు ఒక గోలు చేశాడు. దక్షిణ వియత్నాం 3–2తో ఓడింది. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో ఎదురు నిలిచింది మళ్ళీ దక్షిణ కొరియాయే. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి గోలు చేశారు. భారత్ 2–1తో గెలిచింది.

అప్పటికే రహీమ్ క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి ఆ తరువాత స్వర్ణం రాలేదు.