కొత్త స్టవ్ కొనేముందు గోడనడగండి!

వరలక్ష్మీ వ్రతం రోజున పులిహోరకి అన్నం సగం ఉడికేసరికి గ్యాస్ అయిపోతే ఎలా ఉంటుందో మనలో చాలామందికి తెలిసిన సంగతే. ఇలాంటి తిప్పలు పడలేకే ఈమధ్య చాలా ఇళ్లల్లో గ్యాస్ పొయ్యి పక్కన ఒక ఇండక్షన్ స్టవ్ కూడా చేరుతోంది. మంట ఉండదు, గిన్నె మసిబారదు, పాలు గబుక్కున కాగుతాయి. అందుకే అందరికీ దానిమీద మోజు!

కొనడానికి షాపుకెళ్లి మనం ఏం చూస్తాం? పైన గాజుపలక రంగు, మీటలు, ధర, గ్యారంటీ కార్డు. అంతే కదూ! మన ఇంటి గోడలో ఉన్న వైరు దానికి సరిపోతుందా అన్న మాట షాపువాడూ ఎత్తడు, మనమూ ఎత్తం. నిజానికి అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది అదే. స్టవ్ పాడైతే గ్యారంటీ ఉంది కనుక బాగుచేసిస్తారు. గోడలో వైరు కాలితే ఎవరు బాగుచేసిస్తారు చెప్పండి?

చిన్న లెక్క

భయపడకండి, ఇది పాలవాడి లెక్కకన్నా తేలిక. ప్రతి కరెంటు వస్తువు అడుగునో, వెనకనో ఒక చీటీ అతికించి ఉంటుంది. దానిమీద ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. మన ఇళ్లకొచ్చే కరెంటు 230 వోల్టులు. వాట్లని 230తో భాగిస్తే ఆ వస్తువు ఎన్ని ఆంపియర్ల కరెంటు లాగుతుందో వచ్చేస్తుంది.

700 వాట్ల రైస్ కుక్కర్ 3 ఆంపియర్లు లాగుతుంది. 1200 వాట్ల ఇండక్షన్ స్టవ్ 5 ఆంపియర్లు దాటుతుంది. అదే 2000 వాట్లదైతే దాదాపు 9 ఆంపియర్లు!

ఇప్పుడు మీ వంటింటి గోడకేసి చూడండి. మిక్సీ పెట్టుకునే చిన్న ప్లగ్ పాయింటు మీద 6 అని గానీ, పాతకాలం ఇళ్లల్లో 5 అని గానీ అంకె ఉంటుంది. అంటే అది అన్ని ఆంపియర్లు మాత్రమే మోయగలదని అర్థం. లావు బెజ్జాలున్న పెద్ద ప్లగ్ పాయింటు మీద 16 అనో, 15 అనో ఉంటుంది. దాన్నే మనం పవర్ ప్లగ్గు అంటాం. చిన్నది 1300 వాట్లు దాటితే తట్టుకోలేదు. అంతకు మించి లాగే ఏ వస్తువైనా పెద్దదానికే పెట్టాలి.

చిన్న ప్లగ్గులో పెద్ద స్టవ్

మా వీధిలో ఒకావిడ ఉంది. వాళ్లది 1980ల్లో కట్టిన ఇల్లు. ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకు, అమ్మ సిలిండర్ కోసం ఇబ్బంది పడుతోందని 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ పంపించాడు. దాని ప్లగ్గు పెద్దది, వంటింట్లో ఉన్నదేమో చిన్న పాయింటు. ఏముంది, బజార్లో చవగ్గా దొరికే కన్వర్టరు ఒకటి తెచ్చి తగిలించేసుకుంది.

వారం పదిరోజులు బాగానే నడిచింది. ప్లగ్గు ముట్టుకుంటే వేడిగా ఉంటోందని ఆవిడ గమనించింది గానీ, కరెంటు వస్తువన్నాక వేడెక్కదూ అనుకుంది. కార్తీకమాసంలో ఒకనాటి సాయంత్రం చేపలు కాలినట్టు ఒకటే వాసన! వాళ్లింట్లో కార్తీకం నెల్లాళ్లూ నీచు ముట్టరు. వెతికి చూస్తే కన్వర్టరు కరిగి పాయింటుకి అతుక్కుపోయింది, బోర్డు చుట్టూ గోడ నల్లబడింది. అదృష్టంకొద్దీ ఆవిడ వంటింట్లోనే ఉంది కనుక మెయిన్ ఆపేసింది. అదే స్టవ్ మీద చారు పెట్టి పక్కింటికి వెళ్లి ఉంటే!

అందుకే చెబుతున్నాను. ప్లగ్గు వేడెక్కడం, స్విచ్చి వేసినప్పుడు చిటపటమనడం, ప్లాస్టిక్కు కాలిన వాసన, పాయింటు రంగు మారడం - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆపేయండి. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా ఆ పాయింటు జోలికి వెళ్లకండి. టీవీకి వాడుకునే సన్నటి ఎక్స్‌టెన్షన్ బోర్డుకి స్టవ్ తగిలించడం కూడా ఇలాంటి ప్రమాదమే.

పైకి పెద్దదే, లోపల?

పెద్ద పాయింటు ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. కొన్ని ఇళ్లల్లో పాయింటు మాత్రం పెద్దది బిగించి, లోపల లైట్లకీ ఫ్యాన్లకీ వేసిన సన్నటి వైరుకే కలిపేస్తారు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి బోర్డు విప్పించి ఈ మూడు ప్రశ్నలూ అడగండి.

ఒకటి, ఈ పాయింటుకి వచ్చే వైరు ఎంత లావు? పవర్ ప్లగ్గుకి రాగి వైరు, 2.5 స్క్వేర్ ఎం.ఎం. అయినా ఉండాలి. గీజరుకీ ఏసీకీ 4 వేయించుకుంటే మంచిది. బాగా పాత ఇళ్లల్లో అల్యూమినియం వైరు కూడా ఉంటుంది. అలాంటిచోట స్టవ్ సంగతి తర్వాత, ముందు వైరు మార్పించుకోవాలి.

రెండు, ఈ వైరు నేరుగా మీటరు బోర్డు నుంచి వస్తోందా, లేక దారిలో ఫ్రిజ్జుకీ మిక్సీకీ కూడా పంచుకుంటూ వస్తోందా? స్టవ్‌కి విడిగా ఒక లైను ఉండటమే పద్ధతి.

మూడు, ఎర్త్ ఉందా? ప్లగ్గు పాయింటులో పైనుండే లావు బెజ్జం ఎర్త్ కోసమే. చాలా ఇళ్లల్లో బెజ్జం ఉంటుంది గానీ దాని వెనక వైరే ఉండదు! మనం తడి చేతులతో, తడి గచ్చుమీద, ఒక్కోసారి వట్టికాళ్లతో పనిచేసేవాళ్లం. స్టవ్‌లో ఏ లోపం వచ్చి షాక్ కొట్టినా ముందు తగిలేది మనకే. ఎర్త్ గుంతలో బొగ్గూ ఉప్పూ వేసి ఉన్నవాళ్లు ఎండాకాలంలో అందులో నీళ్లు పోస్తూ ఉండాలి. వీలైతే మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఒకటి పెట్టించుకోండి. ఒంట్లోంచి కరెంటు భూమిలోకి పారితే అది రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. పిల్లలున్న ఇంట్లో అది తప్పనిసరి అని నా ఉద్దేశం.

ఎం.సి.బి. పడిపోతోందని...

స్టవ్ వేయగానే ఎం.సి.బి. టక్కున పడిపోతోందనుకోండి. కొందరు, దానిదేముందమ్మా, పెద్ద ఎం.సి.బి. వేసేస్తాను, ఇక పడదు అంటారు. పొరపాటున కూడా ఒప్పుకోకండి! ఎం.సి.బి. అనేది గోడలో వైరుకి కాపలా. వైరు మోయలేనంత కరెంటు పారుతోంది కనుకే అది పడిపోతోంది. వైరు మార్చకుండా కాపలాదారుని మారిస్తే, ఎం.సి.బి. పడదు, లోపల వైరే కాలుతుంది. ఫ్యూజు క్యారియరులో రెండు మూడు పోగుల లావు తీగ చుట్టడం కూడా అలాంటిదే. ముందు వైరు, తర్వాతే ఎం.సి.బి. ఈ వరస గుర్తుంచుకుంటే చాలు.

మరి మీ ఇంటికి ఏది?

వంటింట్లో చిన్న పాయింటు ఒక్కటే ఉండి, అద్దె ఇల్లు కనుక గోడ తవ్వించే వీల్లేనివాళ్లు 2000 వాట్ల దాని జోలికి వెళ్లవద్దు. 700 వాట్ల లోపు రైస్ కుక్కర్ కొనుక్కోండి. అన్నం, పప్పు, ఉప్మా, కూరగాయలు ఉడకబెట్టుకోవడం - సగం వంట దాంట్లో అయిపోతుంది. ఇండక్షన్ స్టవ్వే కావాలంటే 1200 వాట్లకు మించనిది తీసుకోండి. అదైనా, వైరూ పాయింటూ బాగున్నాయని చూపించుకున్నాకే. అది నడుస్తున్నంతసేపూ అదే లైనులో మిక్సీ, ఇస్త్రీపెట్టె వేయకండి. ఇంటివాళ్లతో నెమ్మదిగా మాట్లాడి చూడండి. మీటరు నుంచి వంటింటికి ఒక పవర్ లైను లాగితే ఇల్లూ వాళ్లదే, సౌకర్యమూ వాళ్లదే అంటే చాలామంది కాదనరు.

విడి లైను, 16 ఆంపియర్ల పాయింటు, మంచి ఎర్త్ ఉన్నవాళ్లు 1800, 2000 వాట్లవి ధైర్యంగా కొనుక్కోవచ్చు.

పల్లెల్లో వోల్టేజీ బాగా పడిపోయే చోట ఇంకో చిక్కుంది. 230 ఉండాల్సిన చోట 180 వస్తే రైస్ కుక్కర్‌కి అందే వేడి దాదాపు 60 శాతమే. అన్నం ఆలస్యంగానైనా ఉడుకుతుంది. ఇండక్షన్ స్టవ్ అయితే వోల్టేజీ మరీ తగ్గినప్పుడు ఏదో ఒక అంకె చూపించి ఆగిపోతుంది. అలాంటి ఊళ్లో ఉన్నవాళ్లు ఏ వోల్టేజీ దాకా పనిచేస్తుందో షాపులోనే అడిగి తీసుకోండి. లైట్లకీ ఫ్యాన్లకీ పెట్టుకున్న ఇన్వర్టరు మీద మాత్రం స్టవ్ నడపాలని చూడకండి.

మీ గిన్నెల సంగతి కూడా మరిచిపోకండి. అడుగున అయస్కాంతం అతుక్కునే గిన్నెలే ఇండక్షన్ స్టవ్ మీద వేడెక్కుతాయి. మామూలు అల్యూమినియం, రాగి, ఇత్తడి, మట్టి పాత్రలు పనికిరావు. అడుగు సమంగా ఉన్న ఇనప పెనం భేషుగ్గా పనికొస్తుంది.

బిల్లు మీద ఓ కన్నేయండి

కరెంటు బిల్లులో కాంట్రాక్టెడ్ లోడ్ అని కిలోవాట్లలో ఒక అంకె ఉంటుంది. సాయంత్రం పూట 2000 వాట్ల స్టవ్, 2000 వాట్ల గీజరు, 750 వాట్ల మిక్సీ ఒక్కసారే వేస్తే దాదాపు 5 కిలోవాట్లు. మీ బిల్లులో 1 అనో 2 అనో ఉంటే, కరెంటు ఆఫీసులో దరఖాస్తు పెట్టి డబ్బు కట్టి లోడు పెంచుకోవడం మంచిది. ఈలోగా గీజరు ఆపాకే స్టవ్ వేయడం అలవాటు చేసుకోండి. ఇక ఖర్చంటారా, 2000 వాట్ల మీద అరగంట నడిస్తే 1 యూనిట్. పాలు కాగాక, కుక్కరు కూతేశాక మంట తగ్గించినట్టే వాట్లూ తగ్గించుకుంటే మనకే లాభం.

ఈసారి పండక్కి షాపుకి బయల్దేరేముందు ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకోండి. ప్లగ్ పాయింటు మీది అంకె, వైరు లావు, ఎర్త్ ఉందో లేదో, బిల్లులో లోడు ఎంతో. ఆ కాగితం చేతిలో పట్టుకుని అప్పుడు అడగండి రంగూ, ధరా, గ్యారంటీ. ఏమంటారు?